వెయ్యిలో ఒక వంతు కోసం: మా డాబా మీద స్పెక్ట్రోమీటరు డైరీ

నవంబర్ 23

గాజువాకలో మా డాబా ఎక్కితే తూర్పున యారాడ కొండ కనబడుతుంది. చలికాలంలో మాత్రం ఉదయం ఎనిమిది దాటితే గానీ కనబడదు. కొండకూ మాకూ మధ్య ఒక గోధుమరంగు తెర నిలబడి ఉంటుంది. నేను డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. పోయిన వారం క్లాసులో ఒకమ్మాయి అడిగింది: "మేడం, ఆ తెరలో మంచెంత, దుమ్మెంత, బళ్ల పొగెంత?" నాకు తెలియదని చెప్పాను. ఇంటికొచ్చాక కూడా ఆ ప్రశ్న వదల్లేదు.

అన్నీ కొలవలేను గానీ, బళ్ల పొగకు గుర్తుగా పనికొచ్చే నైట్రోజన్ డయాక్సైడ్‌ను వెలుతురుతో కొలవొచ్చు. ఇకమీద ఎన్‌ఓ2 అనే రాస్తాను. అది నీలం రంగును మింగుతుంది, అందుకే చిక్కగా ఉన్నచోట గోధుమ రంగులో కనబడుతుంది. మార్కెట్లో చవకగా దొరికే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్లు ఎన్‌ఓ2కి ఎలా స్పందిస్తాయో ఓజోన్‌కీ అలాగే స్పందిస్తాయి, తేమకు కూడా అటూ ఇటూ ఊగుతాయి. విశాఖ తేమలో వాటిని నమ్మబుద్ధి కాలేదు. కాంతి శోషణ అలా కాదు. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత మింగాలో అణువు నిర్మాణమే నిర్ణయిస్తుంది. ఆ లెక్క ఇక్కడైనా జర్మనీలోనైనా ఒకటే.

పద్ధతి పేరు డోఆస్, అంటే డిఫరెన్షియల్ ఆప్టికల్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోస్కోపీ. 1970ల చివర్లో జర్మనీలో ఉల్రిష్ ప్లాట్ తోటి శాస్త్రవేత్తలతో కలిసి దీన్ని తీర్చిదిద్దాడు. అంతకు ముందే, 1973లో టొరంటోలో అలన్ బ్రూవర్ బృందం ఆకాశపు వెలుతురు లోంచే ఎన్‌ఓ2ని కొలిచింది. కిటుకు చిన్నది. దుమ్మూ మంచూ వెలుతురును తగ్గిస్తాయి, కానీ రంగు రంగుకీ నున్నగా, మెల్లగా మారుతూ తగ్గిస్తాయి. ఎన్‌ఓ2 శోషణ దువ్వెన పళ్లలా ఎగుడుదిగుడుగా ఉంటుంది. నున్నగా మారేదాన్నంతా తీసి పక్కన పెట్టి, పళ్లను మాత్రమే ప్రయోగశాలలో కొలిచిన శోషణతో పోల్చి చూడాలి.

చిక్కంతా పరిమాణంలో ఉంది. ఒక మోస్తరు నగరం మీద చదరపు సెంటీమీటరుకు దాదాపు 1×10¹⁶ ఎన్‌ఓ2 అణువులు ఉంటాయి. వాటన్నిటినీ నేల మీదికి దించి స్వచ్ఛమైన వాయువుగా పరిస్తే 3.7 మైక్రాన్ల పొర అవుతుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ కంటే పలచన. ఆ పొర వెలుతురులో చేసే గుంట వెయ్యిలో ఒకటి రెండు వంతులు, అంతే. ఆ వెయ్యో వంతును నమ్మకంగా చూడగలిగేలా, వెలుతురును రంగులుగా విడదీసి కొలిచే పెట్టె, అంటే స్పెక్ట్రోమీటరు, కట్టాలి.

నవంబర్ 30

మొదటి ప్రయత్నం పాత డీవీడీ ముక్కతో. దాని గాడుల మధ్య దూరం 0.74 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరుకు 1350 గీతలు. ఇంద్రధనుస్సు బ్రహ్మాండంగా వచ్చింది. కానీ గాడులు వంపుగా ఉంటాయి కదా, గీతలు అలుక్కుపోయాయి. పిల్లలకు చూపించడానికి పనికొస్తుంది, కొలతకు పనికిరాదు. మిల్లీమీటరుకు 1200 గీతలున్న గ్రేటింగ్ ఆర్డర్ పెట్టాను. సన్న గీతలతో వెలుతురును రంగులుగా విడదీసే పలక అది.

డిసెంబర్ 7

ప్లైవుడ్ పెట్టె, లోపల బ్లాక్‌బోర్డు పెయింటు. 75 మిల్లీమీటర్ల లెన్సులు రెండు. సెన్సరు తోషిబా టీసీడీ1304: ఒకే వరసలో 3648 పిక్సెళ్లు, ఒక్కొక్కటి 8 మైక్రాన్ల వెడల్పు. దాన్ని నడపడానికి ఎస్‌టీఎం32 బోర్డు, లెక్కలకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు, పైథాన్ ప్రోగ్రాం.

స్లిట్ కోసం, అంటే వెలుతురు లోపలికి వచ్చే సన్నని చీలిక కోసం, షేవింగ్ బ్లేడును రెండుగా విరిచి, అంచులు ఎదురెదురుగా పెట్టి అతికించాను. మధ్య సందుకు మొదట జెరాక్స్ కాగితం ముక్క పెట్టి చూశాను. అది 0.1 మిల్లీమీటరు. సీఎఫ్‌ఎల్ బల్బులోని పాదరసపు గీత 435.8 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, దాని వెడల్పు 1.1 నానోమీటర్లు వచ్చింది. ఎన్‌ఓ2 పళ్లు విడివిడిగా కనబడాలంటే ఇంకా సన్నగా కావాలి. ఫాయిల్‌ను నాలుగు పొరలుగా మడిచి కాలేజీ స్క్రూగేజితో కొలిస్తే 0.05 మిల్లీమీటరు ఉంది. దాన్ని సందులో పెట్టి బిగించి, బంక ఆరాక లాగేశాను. ఇప్పుడు పాదరసపు గీత వెడల్పు 0.7 నానోమీటర్లు. ఇంతకంటే సన్నం చేస్తే వెలుతురు చాలదు. ఇక్కడ ఆగుతాను.

డిసెంబర్ 14

ఈ రోజు ఆకాశం వైపు తిప్పాను. సూర్యుడి వైపు కాదు, నడినెత్తిన ఉన్న నీలం వైపు. 393.4, 396.8 నానోమీటర్ల దగ్గర కాల్షియం గుంటలు రెండూ లోతుగా, పక్కపక్కనే కనిపించాయి. 430.8 దగ్గర ఇంకో గుంపు. 486.1 దగ్గర హైడ్రోజన్ గీత. 1814లో జర్మన్ శాస్త్రవేత్త ఫ్రౌన్‌హోఫర్ సూర్యుడి వెలుతురులో లెక్కపెట్టిన చీకటి గీతలు మా డాబా మీద ప్లైవుడ్ పెట్టెలో కనబడ్డాయి. సెన్సరు పిక్సెళ్లకు తరంగదైర్ఘ్యాలు కట్టడానికి పాదరసపు 404.7, 435.8, 546.1 గీతలు వాడాను. ఒక్కో పిక్సెల్‌కు 0.084 నానోమీటర్లు వచ్చాయి.

ఆ గీతలు ఎంత అందంగా ఉన్నా నా పనికి అడ్డమే. అవి పది, ఇరవై, ముప్పై శాతం లోతు గుంటలు. నాకు కావలసింది శాతంలో పదో వంతు. అందుకే ఒక వర్ణపటాన్ని ఇంకో వర్ణపటంతో భాగించాలి. సూర్యుడి గీతలు రెండిట్లోనూ ఒకటే కాబట్టి కొట్టుకుపోతాయి, తేడా ఉన్నది మిగులుతుంది.

డిసెంబర్ 20

పాత కెమెరా ఆరెంజ్ ఫిల్టరు అడ్డం పెట్టాను. నీలం మొత్తం ఆగిపోవాలి, అంటే 440 దగ్గర సున్నా రావాలి. ఫిల్టరు లేనప్పటి దానిలో నాలుగు శాతం వచ్చింది. పెట్టెలో ఎర్ర వెలుతురు గోడలకు తగిలి ఎగిరి నీలం పిక్సెళ్ల మీద పడుతోందన్నమాట. ఆ దొంగ వెలుతురు గుంటల్ని పూడ్చేస్తుంది. నల్ల వెల్వెట్ అతికించాను, రెండు అడ్డుగోడలు పెట్టాను, స్లిట్ ముందు నీలి గాజు ఫిల్టరు బిగించాను. ఇప్పుడు 0.3 శాతం కంటే తక్కువ.

సెన్సరు ఒక్కసారి తీసే ఫ్రేములో నాయిస్, అంటే అకారణంగా ఊగే భాగం, 150లో ఒక వంతు. 400 ఫ్రేముల సగటు తీస్తే 3000లో ఒక వంతుకు దిగుతుంది. ఒక కొలతకు రెండు నిమిషాలు.

డిసెంబర్ 28

పది రోజుల డేటా. మధ్యాహ్నం వర్ణపటంతో మిగతావన్నీ భాగించి, 425 నుంచి 490 నానోమీటర్ల వరకు లెక్క కట్టించాను. ఎన్‌ఓ2 ప్రయోగశాల శోషణ విలువలు మైన్స్ అట్లాస్ అనే ఆన్‌లైన్ డేటాబేసులో ఉచితంగా దొరుకుతాయి. వాటిని నా 0.7 వెడల్పుకు మసక చేసి, వాటితో పాటు ఓజోన్, నీటి ఆవిరి, ఆక్సిజన్ జంట (దాని సంగతి తర్వాత), నున్నగా మారేదానికి ఒక పాలీనామియల్ కలిపి, కొలతకు అతి దగ్గరగా వచ్చేలా లీస్ట్ స్క్వేర్స్ పద్ధతిలో సరిపోల్చాను. ఫలితం: మధ్యాహ్నం నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎన్‌ఓ2 నున్నగా, రోజూ ఒకే తీరులో పెరుగుతోంది. సంతోషంతో రాత్రి నిద్ర పట్టలేదు.

జనవరి 4

ఆ డేటా అంతా తీసేశాను.

పది రోజులూ ఒకే తీరు ఏమిటన్న అనుమానం వచ్చింది. గాలి ఒక రోజు అటు, ఒక రోజు ఇటు వీస్తుంది. ఆదివారం బళ్లు తగ్గుతాయి. అయినా గ్రాఫు మారలేదు. లెక్క కట్టాక ఏమీ వివరించలేక మిగిలిపోయే భాగాన్ని నేను మిగులు అంటున్నాను. దాన్ని గీసి చూస్తే ప్రతి ఫ్రౌన్‌హోఫర్ గీత దగ్గరా ఒక ఎగుడు, వెంటనే ఒక దిగుడు. రెండు బొమ్మలు కొంచెం జరిగి ఒకదాని మీద ఒకటి పడితే కనబడే అంచు అది. కాల్షియం గీత స్థానం కొలిచాను. పొద్దుటికీ సాయంత్రానికీ 0.6 పిక్సెల్ జరిగింది. అంటే 0.05 నానోమీటర్లు. డాబా మీద ఎండకు పెట్టె వేడెక్కి, చెక్క సాగి, లెన్సు పక్కకు జరిగింది. నేను పది రోజులు కొలిచింది ఎన్‌ఓ2ని కాదు, మా డాబా ఉష్ణోగ్రతను.

ఇకనుంచి ముందు మిగులు బొమ్మ చూశాకే ఎన్‌ఓ2 సంఖ్య చూస్తాను. ప్రోగ్రాంలో కూడా వరస అలాగే మార్చాను.

జనవరి 10

ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపలకు వాడే థర్మోకోల్ ఐస్ పెట్టె ఒకటి తెచ్చాను. సర్ఫు నీళ్లతో రెండు రోజులు కడిగినా వాసన పోలేదు. స్పెక్ట్రోమీటరు మొత్తం అందులో దిగింది. ఆకాశం వెలుతురు రెండు మీటర్ల ప్లాస్టిక్ ఫైబరు గుండా లోపలికి వస్తుంది. ఫైబరుతో ఇంకో లాభం ఉంది. నీలాకాశపు వెలుతురు ధ్రువణం చెంది ఉంటుంది, అంటే ఎక్కువగా ఒకే దిశలో ఊగుతూ వస్తుంది, గ్రేటింగుకు దాని మీద పక్షపాతం ఉంటుంది. ఫైబరులో దొర్లుతూ వచ్చేసరికి ఆ ధ్రువణం చాలావరకు చెదిరిపోతుంది.

చల్లబరచాలా, వేడి చేయాలా అని చాలా ఆలోచించాను. చల్లబరిస్తే సెన్సరు చీకటి సిగ్నల్, అంటే వెలుతురు లేకపోయినా అది చూపే సంఖ్య, తగ్గుతుంది, కానీ మన ఊరి తేమకు లెన్సుల మీద నీళ్లు పడతాయి. అందుకే వేడే. ఒక పవర్ రెసిస్టరు, ఒక థర్మోస్టాట్, 36 డిగ్రీలు. చీకటి సిగ్నల్ ఎక్కువే, కానీ స్థిరంగా ఉంది. స్థిరంగా ఉన్నదాన్ని తీసేయొచ్చు. ఇప్పుడు గీతల జరుగుడు రోజంతా కలిపి 0.05 పిక్సెల్.

కొలిచే తీరు కూడా మార్చాను. మధ్యాహ్నపు వర్ణపటం మీద ఆధారపడటం మానేసి, ఫైబరు కొనను ఒక సర్వో, అంటే చెప్పిన కోణానికి తిరిగే చిన్న మోటారు, మీద పెట్టాను. ఉత్తరం వైపు, హైవే మీదుగా, 30 డిగ్రీల ఎత్తులో రెండు నిమిషాలు, వెంటనే నడినెత్తికి రెండు నిమిషాలు. పైనెక్కడో స్ట్రాటోస్ఫియర్‌లో ఉన్న ఎన్‌ఓ2 రెండింటిలోనూ సమానం కాబట్టి కొట్టుకుపోతుంది. కింది పొరలో 30 డిగ్రీల దారి నిలువు దారికి రెండింతలు. రెండింతల్లోంచి ఒకటి తీసేస్తే ఒకటి మిగులుతుంది. అంటే తేడాగా వచ్చిన సంఖ్యే కింది పొరలోని నిలువు మొత్తం. వేరే లెక్క అక్కర్లేదు. ఇంత సులువైన కోణం ఒకటి ఉండటం నా అదృష్టం.

భోగి

తెల్లవారుజామున వీధి వీధినా మంటలు. ఏడున్నరకు పొగ ఇంకా కదల్లేదు. ఎన్‌ఓ2 బాగా ఎక్కువ వస్తుందని ఎదురుచూశాను. మామూలు రోజు కంటే తక్కువ వచ్చింది.

దీనికి జవాబు ఆక్సిజన్ జంటలో దొరికింది. రెండు ఆక్సిజన్ అణువులు ఢీకొన్న క్షణంలో కలిసి 477 నానోమీటర్ల దగ్గర వెలుతురు మింగుతాయి. గాలిలో ఆక్సిజన్ ఎంతో మనకు తెలుసు, అది మారదు. కాబట్టి ఆ గుంట తగ్గిందంటే వెలుతురు నడిచిన దారి తగ్గిందని అర్థం. ఈ రోజు ఆ గుంట మామూలులో సగమే. పొగ దట్టంగా ఉండి దూరం వెలుతురు నా దాకా రాలేదు. రెండింతల దారి అన్న లెక్కే చెల్లలేదు. ఎన్‌ఓ2 నిజంగా తగ్గిందో, నాకు కనబడింది తక్కువో చెప్పలేను కాబట్టి ఈ రోజు సంఖ్యను లెక్కలో వేసుకోను. ఆక్సిజన్ గుంట మామూలుకు పది శాతం లోపల ఉంటేనే ఏ రోజైనా లెక్కలోకి వస్తుంది.

జనవరి 24

"అది ఎన్‌ఓ2యే అని ఎలా చెప్పగలరు మేడం?" మా రెండో సంవత్సరం కుర్రాడు. మంచి ప్రశ్న.

కెమిస్ట్రీ మాస్టారిని అడిగాను. ఆయన ఫ్యూమ్ హుడ్‌లో రాగి తీగ మీద నైట్రిక్ ఆమ్లం వేసి, వచ్చిన గోధుమ వాయువును గాజు గొట్టంలో పట్టి సీలు చేసి ఇచ్చారు. "ఇంట్లో మాత్రం ఇలాంటివి పెట్టుకోకమ్మా, ఊపిరితిత్తులకు చాలా ప్రమాదం" అని రెండుసార్లు చెప్పారు. గొట్టాన్ని హాలోజన్ బల్బుకూ ఫైబరుకూ మధ్య పెట్టాం. స్క్రీను మీద పళ్లు ఒక్కసారిగా తేలాయి. 448 దగ్గర గుంట, దాని చుట్టూ మిగతావి, అట్లాస్ గీతలకు పిక్సెల్ పిక్సెల్‌గా సరిపోయాయి. తర్వాత గొట్టాన్ని ఐసు నీళ్లలో ముంచాం. చలికి ఎన్‌ఓ2 అణువులు జంటలై ఎన్2ఓ4 అవుతాయి, దానికి రంగు ఉండదు. గొట్టం పాలిపోతున్నకొద్దీ స్క్రీను మీద పళ్లు కుదించుకుపోయాయి. కుర్రాడు ఐసు తీసి మళ్లీ వెచ్చబెట్టి, మళ్లీ ముంచి, నాలుగుసార్లు చూశాడు. నేనూ చూశాను.

ఫిబ్రవరి 1

మిగులులో ఇంకా ఒక చిన్న అవశేషం ఉండిపోయింది. 430.8 దగ్గరా 486.1 దగ్గరా బొడిపెలు. ఈసారి జరుగుడు కాదు. గీతలు కొంచెం పూడినట్టున్నాయి. 1962లో గ్రేంజర్, రింగ్ అనే ఇద్దరు గమనించిన సంగతి ఇది. ఆకాశపు వెలుతురులో ఫ్రౌన్‌హోఫర్ గీతలు నేరుగా వచ్చే సూర్యకాంతిలో కంటే తక్కువ లోతుగా ఉంటాయి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు గిరగిరా తిరుగుతూ వెలుతురును చెదరగొట్టేటప్పుడు దాని రంగును కొద్దిగా అటూ ఇటూ మారుస్తాయి. పక్క రంగులు వచ్చి గుంటల్లో పడతాయి. అంటే రామన్ ప్రభావమే.

ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు ఈ ఊళ్లోనే, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పారు. కృష్ణా జిల్లా మనిషి. ఆయన పరిశోధన చేసిన ఆ చెదురుడు ఇప్పుడు నా మిగులులో బొడిపెగా ఉంది. దానికొక వర్ణపటం లెక్కగట్టి ఫిట్‌లో చేర్చాను. మిగులు సగానికి తగ్గింది.

ఫిబ్రవరి 15

నిర్మలంగా ఉన్న తొమ్మిది రోజుల సగటు. ఉదయం ఎనిమిదిన్నరకు చదరపు సెంటీమీటరుకు 1.3×10¹⁶ అణువులు. మధ్యాహ్నం ఒకటిన్నరకు 0.4×10¹⁶. సాయంత్రం ఐదుకు 0.9×10¹⁶. ఒక్కో సంఖ్యలో 0.2×10¹⁶ అటూ ఇటూ ఉండొచ్చని నా అంచనా.

మధ్యాహ్నం ఎందుకు తగ్గుతుంది? నేల మీది స్టేషన్లలో కూడా తగ్గుతుంది. అక్కడ ఒక కారణం, ఎండ ఎక్కాక గాలి పైకీ కిందికీ కలిసిపోయి పలచబడటం. నా కొలతకు ఆ కారణం చెల్లదు. నేను కొలిచేది కింది నుంచి పై దాకా మొత్తం. కలిపినంత మాత్రాన మొత్తం తగ్గదు. బిందెడు నీళ్లలో చెంచాడు పంచదార అడుగున ఉన్నా కరిగినా చెంచాడే కదా. కాబట్టి ఎన్‌ఓ2 నిజంగా పోవాలి. ఎండ దాన్ని విడగొడుతుంది: 420 నానోమీటర్ల కంటే పొట్టి వెలుతురు తగిలితే నైట్రిక్ ఆక్సైడ్‌గా (ఎన్‌ఓ), ఒక ఆక్సిజన్ పరమాణువుగా విడిపోతుంది. గాలిలో ఉండే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన అణు ముక్క దానిలో కొంత భాగాన్ని నైట్రిక్ ఆమ్లం చేస్తుంది. లేదా ఎక్కడికైనా కొట్టుకుపోవాలి.

మా డాబా మీద బట్టల తీగ ఉత్తర దక్షిణాలుగా కట్టి ఉంది. పొద్దున్న భూమి గాలికి బట్టలు తూర్పుకు ఊగుతాయి. పదిన్నర, పదకొండు మధ్య ఎప్పుడో ఒకప్పుడు అవి పడమరకు తిరుగుతాయి. సముద్రపు గాలి వచ్చిందన్నమాట. మా అత్తయ్యకు ఆ వేళ ఇంట్లో ఉన్నా తెలిసిపోతుంది, ఉక్క మారుతుందట. ఆమె చెప్పిన సమయం రోజూ డైరీలో రాసుకున్నాను. తొమ్మిదింట్లో ఏడు రోజులు, బట్టలు తిరిగిన నలభై నిమిషాల్లోపే సంఖ్య దాదాపు సగానికి పడింది. ఎండ ప్రభావం మాత్రమే అయితే మెల్లగా దిగాలి, ఇలా మెట్టులా కాదు. సముద్రం మీది శుభ్రమైన గాలి లోపలికి వచ్చి మా గాలిని పడమరకు నెట్టేస్తోందని నేను నమ్ముతున్నాను. నెట్టినది ఎక్కడికి వెళ్తుందో అక్కడి వాళ్ల డాబా మీద కూడా ఇలాంటిదొకటి ఉండాలి.

ఫిబ్రవరి 22

2017 అక్టోబరులో ఎగిరిన సెంటినెల్-5పీ ఉపగ్రహం రోజూ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మన మీదుగా వెళ్తుంది. అందులోని ట్రోపోమీ పరికరం చేసేది కూడా ఇదే పని, పై నుంచి. డేటా ఉచితం. ఎక్కువ రోజులు దాని సంఖ్య నా దాని కంటే తక్కువగా ఉంది. అది సహజమే. దాని ఒక్క గడి 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. మా గడిలో కొండ, పొలాలు, ఒక్కోసారి సముద్రం కూడా కలుస్తాయి. నేల దగ్గరి పొర పై నుంచి అంత బాగా కనబడదు కూడా. ఏ రోజు పెరిగిందో ఏ రోజు తగ్గిందో మాత్రం ఇద్దరికీ ఎక్కువగా కుదిరింది. నాకు అది చాలు.

మార్చి 8

అత్తయ్య మినప వడియాలు పెట్టారు. "నీ పెట్టె నీడ నా చాప మీద పడుతోందమ్మా" అంటే మూలకు జరిపి, సర్వో కోణం మళ్లీ స్పిరిట్ లెవెల్‌తో సరిచేశాను.

నవంబరులో అడిగిన అమ్మాయికి ఈ వారం లెక్క చూపించాను. ఉదయం 1.3×10¹⁶. ఆ పొర ఎత్తు అర కిలోమీటరు అనుకుంటే ఘన సెంటీమీటరుకు 2.6×10¹¹ అణువులు, సుమారు పది పీపీబీ, అంటే వంద కోట్ల గాలి అణువుల్లో పది. కొండ దాకా అయిదు కిలోమీటర్లు అనుకుంటే, ఆ దారిలో ఎన్‌ఓ2 మింగేది 440 నానోమీటర్ల నీలంలో నూటికి ఆరు వంతులు. ఎరుపులో దాదాపు ఏమీ లేదు. నూటికి ఆరుతో కొండ మాయం కాదు. తెరకు ఆ గోధుమ ఛాయ కొంత ఎన్‌ఓ2ది, తెర మాత్రం మంచుదీ దుమ్ముదీ.

"పొర ఎత్తు అర కిలోమీటరని ఎందుకు అనుకోవాలి మేడం, కొండ దాకా అడ్డంగానే కొలవొచ్చుగా?" అందా అమ్మాయి. కొలవొచ్చు. అటు ఒక ల్యాంపు, ఇటు మా పెట్టె. రాత్రి పూట అయితే సూర్యుడి గీతలుండవు, రామన్ బొడిపెలుండవు. వాళ్ల ఇల్లు కొండ కిందే. మేడ మీద ల్యాంపు పెట్టుకోవడానికి వాళ్ల నాన్నగారు ఒప్పుకున్నారు. శనివారం సాయంత్రం వెళ్లి, అక్కడి నుంచి మా డాబా కనబడుతుందో లేదో చూసి రావాలి.